గ్యాస్ పైపు రాని ఊళ్లో ఇల్లు కొన్నారా? చలికాలానికి ఏ ఇంధనాన్ని నమ్ముకోవాలి

అమెరికా పల్లెల్లో ఉంటున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు, ముఖ్యంగా డాక్టర్లు. జే-1 వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో డాక్టరు శిక్షణ) చేసి, రెండేళ్లు ఇండియా వెళ్లి ఉండాల్సిన షరతు నుంచి వెయివర్ తీసుకున్నవాళ్లు, డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. అలా న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగానికో, వెర్మాంట్‌కో, మెయిన్‌కో, మిషిగన్ పై కొసకో వెళ్లి అక్కడే ఇల్లు కొనుక్కున్న కుటుంబాలు ఉన్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్నవాళ్లకి తట్టని ప్రశ్న వీళ్లకి మొదటి అక్టోబరులోనే ఎదురవుతుంది. వీధిలో గ్యాస్ పైపు లేదు, మరి ఇల్లు దేంతో వెచ్చబడాలి?

అడిగితే తలా ఒక మాట చెబుతారు. పక్కింటాయన కట్టెలు అంటాడు. ఎదురింటావిడ హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే, ఏసీ లాంటి కరెంటు మెషీను) పెట్టించుకోమంటుంది. ఇల్లు చూపించిన ఏజెంట్ ప్రొపేన్ (మన వంట గ్యాస్ లాంటిది) ట్యాంకు ఉందిగా, టెన్షన్ ఎందుకు అంటాడు. ఎవరి ఇంటికి వాళ్లు చెప్పేది నిజమే. మీ ఇంటికి ఏది నప్పుతుందో మాత్రం మీరే తేల్చుకోవాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇంటిని ఒక్క ఇంధనం మీద వదిలేయకండి. మీరు పట్టించుకోకపోయినా తనంతట తాను నడిచేది ఒకటి, కరెంటు లేకపోయినా మండేది ఒకటి, రెండూ ఉండాలి. ఆ రెండూ ఏవన్నదే ఇక్కడ చూద్దాం.

## ధర కన్నా ముందు చూడాల్సినవి

కరెంటు పోతే? 1998 జనవరిలో వచ్చిన మంచు తుఫానుకి ఉత్తర న్యూయార్క్, వెర్మాంట్, న్యూ హ్యాంప్‌షైర్, మెయిన్‌లలో చెట్లు, తీగలు, స్తంభాలు కూలిపోయాయి. కొన్నిచోట్ల కరెంటు తిరిగి రావడానికి వారాలు పట్టింది. అక్కడి పెద్దవాళ్లు ఈనాటికీ దాన్నే కొలమానంగా పెట్టుకుని మాట్లాడతారు. బయట మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు హీటింగ్ ఆగిపోతే, మనుషులకు చలి ఒక్కటే కాదు సమస్య. గోడల్లోని నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. ఆ నష్టం ఒక చలికాలం ఇంధనం ఖర్చుకి ఎన్నో రెట్లు.

ఎవరు చూసుకుంటారు? ఇద్దరూ ఆసుపత్రిలో పన్నెండు గంటల డ్యూటీ చేసే ఇంట్లో కట్టెల పొయ్యి మధ్యాహ్నానికే ఆరిపోతుంది. ఇంట్లో ఒకరు ఉండి, కాస్త ఒళ్లు వంచే ఓపిక ఉంటే అదే పొయ్యి ఆ ఇంటికి ప్రాణం.

వేడికి ఎంత పడుతుంది? గ్యాలన్ ధర, టన్ను ధర, యూనిట్ ధర పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏమీ తేలదు. వేడిని ఇక్కడ బీటీయూల్లో కొలుస్తారు. గ్యాలన్ హీటింగ్ ఆయిల్‌లో (డీజిల్ లాంటి ఇంధనం) దాదాపు 1,38,500 బీటీయూల వేడి ఉంటుంది, గ్యాలన్ ప్రొపేన్‌లో 91,500 మాత్రమే. అందుకే 3 డాలర్ల ప్రొపేన్, 3.50 డాలర్ల ఆయిల్ కన్నా చవకగా కనిపిస్తుంది కానీ కాదు.

ఇంటిదాకా వస్తుందా? ట్యాంకరు మీ డ్రైవ్‌వే ఎక్కగలగాలి. మంచు తీయని వాలు దారి అయితే డ్రైవరు వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు, తప్పు అతనిది కాదు.

ఇవి కాక ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, ఇండియా నుంచి వచ్చి ఉండే పెద్దవాళ్లు, పాకే పిల్లలు ఉన్నారా అన్నది.

కింది పట్టికలో ధరలు లెక్క కోసం తీసుకున్నవి. మీ ఊరి ధర వేసుకుంటే అదే నిష్పత్తిలో మారుతుంది. ఉదాహరణకి ప్రొపేన్ 2 డాలర్లకే దొరికితే 36 కాస్తా 24 అవుతుంది.

| ఇంధనం | అనుకున్న ధర | ఇంట్లోకి వచ్చే పది లక్షల బీటీయూలకు | కరెంటు పోతే | రోజువారీ పని |
|---|---|---|---|---|
| కట్టెలు, కొత్త రకం పొయ్యి | కార్డ్ 300 డాలర్లు | సుమారు 20 డాలర్లు | మండుతుంది | చాలా |
| హీట్ పంప్ | యూనిట్ 18 సెంట్లు | సుమారు 21 డాలర్లు | ఆగిపోతుంది | లేదు |
| పెల్లెట్లు | టన్ను 320 డాలర్లు | సుమారు 26 డాలర్లు | ఆగిపోతుంది | కొంత |
| హీటింగ్ ఆయిల్ | గ్యాలన్ 3.50 డాలర్లు | సుమారు 30 డాలర్లు | ఆగిపోతుంది | లేదు |
| ప్రొపేన్ ఫర్నేస్ (ఇంటికంతటికీ వేడిగాలి పంపే మెషీను) | గ్యాలన్ 3 డాలర్లు | సుమారు 36 డాలర్లు | ఫర్నేస్ ఆగుతుంది, కొన్ని గోడ హీటర్లు నడుస్తాయి | లేదు |
| కరెంటు బేస్‌బోర్డు హీటర్లు (గోడ అడుగున బిగించేవి) | యూనిట్ 18 సెంట్లు | సుమారు 53 డాలర్లు | ఆగిపోతాయి | లేదు |

పరికరం ఎంత సమర్థంగా పనిచేస్తుందో కూడా ఇందులో కలిపాను: కట్టెల పొయ్యి 70 శాతం, పెల్లెట్ స్టవ్ 78, ఆయిల్ ఫర్నేస్ 85, ప్రొపేన్ 92. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుకి సగటున రెండున్నర యూనిట్ల వేడి ఇస్తుందని అనుకున్నాను.

## కట్టెలు

ఇక్కడ కట్టెలు అమ్మే కొలత పేరు కార్డ్. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల పొడవున పేర్చిన గుట్ట, అంటే 128 ఘనపుటడుగులు. మొదటిసారి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఫేస్ కార్డ్ అని అమ్మేది ఎదురుగా చూస్తే అదే సైజులో ఉంటుంది, కానీ లోతు ఒక్క కట్టె పొడవే, సాధారణంగా 16 అంగుళాలు. అంటే కార్డ్‌లో మూడో వంతు. ధర అడిగేటప్పుడు పూర్తి కార్డా, ఫేస్ కార్డా అని తప్పకుండా అడగండి. ట్రక్కులో గుట్టగా పోసి తెచ్చిందాన్ని పేర్చి కొలిచాకే డబ్బులివ్వండి.

రెండో సంగతి తడి. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉండొచ్చు. ఆ నీరు ఆవిరి కావడానికే మీ వేడి ఖర్చవుతుంది, పొగ చల్లబడి పొగగొట్టం లోపల క్రియోసోట్ అనే నల్లటి జిగురులా పేరుకుంటుంది. ఒకరోజు అది అంటుకుంటే పొగగొట్టమే కొలిమిలా మండుతుంది. ఇళ్లు తగలబడేది ఇలాగే. అందుకే తేమ 20 శాతం లోపు ఉండాలి. చీల్చి, గాలి తగిలేలా పేర్చి, పైన మాత్రమే కప్పి ఉంచితే యాష్, మేపుల్ ఒక ఏడాదికి ఆరతాయి. ఓక్‌కి రెండేళ్లు పడుతుంది. అమ్మేవాళ్లు ‘సీజన్డ్’ అంటారు, నమ్మకండి. తేమ మీటరు కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. గుట్ట మధ్య నుంచి ఒక కట్టె తీసి, దాన్ని మళ్లీ నిలువునా చీల్చి, కొత్తగా బయటపడ్డ ముఖం మీద ఆ మీటరు ముళ్లు గుచ్చాలి. బయటి చర్మం మీద పెడితే 14 చూపించే కట్టె లోపల 30 ఉండొచ్చు. మీటరు లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఆరినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఆరిన కట్టె కొసల్లో నడిమి నుంచి అంచుల వైపు పగుళ్లు తేలి ఉంటాయి, చేతికి తేలికగా తగులుతుంది.

తుమ్మ కట్టె నిలబడి కాలుతుంది, తేలిక కట్టె భగ్గుమని ఆరిపోతుంది అని మన ఊళ్లలో తెలిసిందే. అక్కడా అంతే. ఓక్, మేపుల్, బీచ్ లాంటివాటికి రాత్రంతా కణికలు నిలుస్తాయి. పైన్, స్ప్రూస్ పొద్దున్నే పొయ్యి రాజేయడానికి బాగుంటాయి. బాగా ఆరిన పైన్ కాల్చకూడదన్న భయం అక్కర్లేదు, ప్రమాదం తడిలో ఉంది.

ఇంటికి పూర్తిగా కట్టెలే ఆధారమైతే చలికాలానికి నాలుగైదు కార్డులు కావాలి, గాలి దూరే పాత ఇల్లయితే ఇంకా ఎక్కువ. ఆరిన గట్టి కట్టె ఒక కార్డ్ టన్నున్నర పైనే తూగుతుంది. అదంతా ట్రక్కు నుంచి గుట్టకి, గుట్ట నుంచి వరండాకి, వరండా నుంచి పొయ్యికి మీ చేతుల మీదుగానే వెళ్తుంది. బూడిదా మీరే తీయాలి. ఆరినట్టు కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. మూత ఉన్న ఇనప డబ్బాలో వేసి, ఇంటికి, చెక్క వరండాకి దూరంగా బయట పెట్టాలి. కాగితం సంచిలోనో ప్లాస్టిక్ బకెట్‌లోనో వేసి గరాజ్‌లో పెట్టడం ఇల్లు తగలబెట్టుకోవడమే.

పొయ్యి కొనేటప్పుడు 2020 మే తర్వాతి నిబంధనలకు సరిపోయేదే తీసుకోండి. అప్పటి నుంచి అమెరికాలో అమ్మే కొత్త పొయ్యిల పొగ మీద గట్టి పరిమితి ఉంది. పాత ఇంటితో వచ్చిన ముతక పొయ్యి కన్నా ఇవి తక్కువ కట్టెతో ఎక్కువ వేడి ఇస్తాయి. పొగగొట్టాన్ని ఏటా తనిఖీ చేయించాలి. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పాలి, చెప్పకుండా పెట్టుకుంటే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. న్యూయార్క్‌లో అయితే వేడితో శుద్ధి చేయని కట్టెలను 50 మైళ్లు దాటించి తేకూడదు. చెట్లను చంపే పురుగులు కట్టెలతో పాటు ప్రయాణిస్తాయి కాబట్టి ఆ చట్టం.

ఇంత పని చెప్పినా, నాకు ఇష్టమైనది ఇదే. మన పెరట్లో పెరిగేది, ఏ కంపెనీ ట్రక్కు కోసమూ ఎదురుచూడనక్కర్లేనిది, తుఫాను రాత్రి కూడా మండేది ఇదొక్కటే. పైన గిన్నె పెడితే పప్పు కూడా ఉడుకుతుంది.

## పెల్లెట్లు

రంపపు పొట్టును గట్టిగా అదిమి చేసిన చిన్న గుళికలు. 40 పౌండ్ల సంచుల్లో వస్తాయి, 50 సంచులు ఒక టన్ను. పైన తొట్టిలో పోస్తే లోపలి మర కొద్దికొద్దిగా మంటలోకి నెడుతుంది, ఫ్యాన్ వేడిని గదిలోకి ఊదుతుంది. థర్మోస్టాట్ పెట్టుకోవచ్చు, పొగ తక్కువ, చెట్టు చీల్చే పని లేదు. కట్టెల హాయి, మెషీను సౌకర్యం రెండూ కలిసొస్తాయని చాలామంది దీనికే మొగ్గుతారు. చిక్కల్లా ఆ మరకీ ఫ్యాన్‌కీ కరెంటు కావాలి. తుఫానుకి అండగా ఉంటుందని పెల్లెట్ స్టవ్ కొంటే సరిగ్గా ఆ రాత్రే అది ఆరిపోతుంది, బ్యాటరీ గానీ జెనరేటర్ గానీ ఉంటే తప్ప. సంచులు తడిస్తే గుళికలు పొట్టుగా విడిపోయి పనికిరావు.

## హీటింగ్ ఆయిల్

మెయిన్ రాష్ట్రంలో సగానికి పైగా ఇళ్లకి ఇప్పటికీ ఇదే ఆధారం. బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకు, పక్కన ఫర్నేసో బాయిలరో ఉంటుంది. వేడి గట్టిగా ఇస్తుంది, మెకానిక్కులు ఊరూరా దొరుకుతారు. ట్యాంకు ఖాళీ అయి ట్రక్కు మర్నాటికి గానీ రాదంటే, పెట్రోలు బంకులో ఐదు గ్యాలన్ల డీజిల్ తెచ్చి పోసి ఆ రాత్రి గడిపేయొచ్చు. రెండూ దాదాపు ఒకే ఇంధనం. పూర్తిగా ఖాళీ అయ్యాక పోస్తే మాత్రం గొట్టంలో చేరిన గాలి తీయాల్సి ఉంటుంది.

ధర మాత్రం మన చేతిలో ఉండదు. 2022లో న్యూ ఇంగ్లండ్‌లో గ్యాలన్ 5 డాలర్లు దాటింది. రెండో భయం ట్యాంకు కారడం. నేలలోకి ఆయిల్ ఇంకితే శుభ్రం చేయించే ఖర్చు చాలా పెద్దది, మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు దాన్ని కలపవు. ఇల్లు కొనేముందే ట్యాంకు వయసు అడగండి. భూమిలో పాతిన పాత ట్యాంకు ఉందని తెలిస్తే, దాన్ని తీయించే బాధ్యత అమ్మేవాళ్ల మీద పెట్టాకే సంతకం చేయండి. ట్యాంకు బయట ఉంటే విపరీతమైన చలికి ఆయిల్ గడ్డలా చిక్కబడుతుంది.

## ప్రొపేన్

ఖర్చులో వెనకబడినా మన ఇళ్లకి దీనిలో ఒక సుఖం ఉంది. అదే ట్యాంకు నుంచి వంటింట్లో మంట వస్తుంది. పోపు వేయడానికి, పుల్కా కాల్చడానికి మంట కావాలనుకునేవాళ్లకి అది చిన్న విషయం కాదు. జెనరేటర్ కూడా దీని మీదే నడపొచ్చు. పాడైపోయే ఇంధనం కాదు, ఏళ్లు నిల్వ ఉంటుంది.

అంతకన్నా పెద్ద లాభం గోడకి బిగించే, పొగను గోడలోంచి నేరుగా బయటికి పంపే డైరెక్ట్ వెంట్ హీటర్. పైలట్ మంట ఎప్పుడూ వెలిగి ఉండే పాత పద్ధతి మోడళ్లకి బయటి కరెంటు అసలు అక్కర్లేదు. కట్టెలు మోయలేనివాళ్లకి తుఫాను రాత్రి అండ ఇదే. కొనేటప్పుడు ‘కరెంటు లేకుండా నడుస్తుందా’ అని సూటిగా అడగండి, చూడటానికి ఒకేలా ఉండే రెండు మోడళ్లలో ఒకటే అలా నడుస్తుంది.

500 గ్యాలన్ల ట్యాంకులో నింపేది 80 శాతమే, అంటే 400 గ్యాలన్లు. ట్యాంకు కంపెనీ అద్దెకిచ్చిందైతే సాధారణంగా ఆ కంపెనీయే నింపాలి, పక్క కంపెనీ చవకగా ఇచ్చినా కుదరదు. ఐదారేళ్లు ఉండే ఆలోచన ఉంటే ట్యాంకు సొంతానికి కొనుక్కోవడం మంచిది. ప్రొపేన్ గాలి కన్నా బరువు. లీకైతే బేస్‌మెంట్‌లో అడుగున పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్ కూడా వేయకుండా అందరూ బయటికి వచ్చి, అప్పుడు ఫోన్ చేయాలి.

## హీట్ పంప్

చలి దేశాల్లో హీట్ పంప్ పనిచేయదన్న మాట పాతబడింది. చల్లటి ప్రాంతాల కోసం చేసిన మోడళ్లు మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి ఇస్తాయి. మెయిన్ రాష్ట్రం లక్ష హీట్ పంపులు పెట్టించాలన్న లక్ష్యాన్ని గడువుకి రెండేళ్ల ముందే, 2023లో దాటేసింది. వేసవిలో అదే ఏసీ. ఇంట్లో మంట లేదు, పొగ లేదు, పిల్లలున్న ఇంటికి నిశ్చింత.

అయితే చలి పెరిగేకొద్దీ అది ఇచ్చే వేడి తగ్గుతుంది, ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది. పాత ఇంటికి ముందు అటకకి ఇన్సులేషన్, తలుపుల సందులు మూయించడం, ఆ తర్వాతే హీట్ పంప్. ఆ క్రమం తప్పితే డబ్బు దండగ. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఇంధన సమర్థత పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. రాష్ట్రం, కరెంటు కంపెనీ ఇచ్చే రాయితీలు ఉన్నాయేమో చూసుకోండి.

బేస్‌బోర్డు హీటర్లు ఎప్పుడో ఒకసారి వాడే గదికి సరే, ఇంటికంతటికీ అవే అయితే బిల్లు మోయలేరు.

## తూటాలు నింపుకునే పొరుగువాళ్లు

ఈ ఊళ్లలో సొంతకాళ్ల మీద నిలబడటం కట్టెల గుట్టతో ఆగదు. నవంబరులో జింకల వేట, ఫ్రీజర్ నిండా మాంసం, బేస్‌మెంట్‌లో బల్ల మీద ప్రెస్ (అదిమే చేతి మర) బిగించి, పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులతో రైఫిల్ తూటాలు మళ్లీ తామే నింపుకోవడం, ఇవన్నీ ఒకే బతుకులో భాగాలు. పరిచయం పెరిగాక రమ్మని పిలుస్తారు. వెళ్లేముందు చట్టం తెలుసుకోవాలి.

హెచ్-1బీ, జే-1, ఎఫ్-1, పర్యాటక వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఆ చట్టంలో తూటా అంటే నింపిన తూటాయే కాదు, ఖాళీ ఇత్తడి తొడుగు, ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల), తుపాకీ మందు, బులెట్ విడివిడిగా ఉన్నా తూటా కిందే లెక్క. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు. వెయివర్ మీద పనిచేస్తున్న డాక్టర్లు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఈ విషయంలో అడుగు వేయకండి.

ఇక లాభం సంగతి. తూటాలో మళ్లీ వాడుకోగలిగేది ఇత్తడి భాగమే. అది ఖరీదైనది కాబట్టి ఎక్కువగా కాల్చేవాళ్లకి, కొట్లో అరుదుగా దొరికే సైజు వాడేవాళ్లకి నింపుకోవడంలో ఆదా ఉంది. సీజనుకి ఒక డబ్బా తూటాలు చాలేవాళ్లకి ప్రెస్ ఖర్చు కూడా తిరిగి రాదు, కొట్లో కొనుక్కోవడమే మేలు. పైగా ఇది కట్టెల లాంటి స్వావలంబన కాదు. ప్రైమర్లు, మందు ఫ్యాక్టరీ నుంచే రావాలి. 2020, 2021లో ప్రైమర్లు కొట్లలో దొరక్క, నింపుకునేవాళ్లు కూడా ఖాళీ చేతులతో తిరిగారు.

నింపినా నింపకపోయినా ఒకటి గుర్తుపెట్టుకోండి. మందు, ప్రైమర్లు వాటి అసలు డబ్బాల్లోనే, తాళం వేసిన చోట, పొయ్యికీ ఫర్నేస్‌కీ దూరంగా ఉండాలి. మీరు కొన్న ఇంటి బేస్‌మెంట్‌లో పాత యజమాని వదిలేసిన ఇలాంటి డబ్బాలు కనిపిస్తే చెత్తలో వేయొద్దు, పొయ్యి దగ్గరికి అసలే తీసుకెళ్లొద్దు. ఊరి అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేస్తే ఏం చేయాలో చెబుతారు.

## ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగస్తులు, పిల్లలు చిన్నవాళ్లు: హీట్ పంప్ ప్రధానంగా, అండగా కరెంటు అక్కర్లేని ప్రొపేన్ గోడ హీటర్. వంటింటి మంటా వస్తుంది.

ఐదెకరాల అడవి ఉన్న ఇల్లు, ఇంట్లో ఒకరైనా పగలు ఉంటారు, పని ఇష్టం: కట్టెలు ప్రధానంగా. ఇంట్లో ఉన్న ఆయిల్ ఫర్నేసును తీసేయకండి, థర్మోస్టాట్ తక్కువలో పెట్టి అండగా ఉంచుకోండి. మొదటి ఏడాది ఆరిన కట్టె దొరకడం కష్టం కాబట్టి కొన్న వసంతంలోనే వచ్చే ఏడాదికి గుట్ట వేయండి.

మూడేళ్లకి వెళ్లిపోతామో ఉంటామో తెలియదు: ఇంట్లో ఏది ఉంటే అదే కొనసాగించి, డబ్బు ఇన్సులేషన్ మీద పెట్టండి. ఆయిల్ అయినా ప్రొపేన్ అయినా వేసవిలో ముందస్తు ధర ఒప్పందం అడగండి.

అత్తమామలో అమ్మానాన్నలో చలికాలంలో వచ్చి ఉంటారు, వాళ్లలో ఒకరికి ఆయాసం: కట్టెల పొయ్యి వద్దు. పగలు వాళ్లు ఒంటరిగా ఉంటారు, పొయ్యి తలుపు తీసిన ప్రతిసారీ కొంత పొగ గదిలోకి వస్తుంది.

ఏది ఎంచుకున్నా ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం ఉండాలి. జెనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో బయటే నడవాలి, గరాజ్ తలుపు తెరిచి ఉంచినా లోపల కాదు.

సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఇల్లు ఖాళీగా ఉండేది సరిగ్గా చలి ముదిరిన రోజుల్లోనే. కట్టెలూ పెల్లెట్లూ మనిషి లేకుండా నడవవు కాబట్టి అప్పుడు ఆయిల్, ప్రొపేన్, హీట్ పంపులలో ఒకటి పనిచేస్తూ ఉండాలి. థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్ కన్నా కిందికి దించకండి. వెళ్లేముందు ట్యాంకు నింపించండి, ఇంటికి నీళ్లు వచ్చే మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయిలు తెరిచి పైపుల్లోని నీళ్లు వదిలేయండి. వేడినీటి రేడియేటర్లు ఉన్న ఇల్లయితే వాల్వు కట్టేముందు ప్లంబరును అడగండి. ఇల్లు చల్లబడితే ఫోనుకి కబురు పంపే సెన్సర్ ఒకటి పెట్టుకోండి, దానికీ వైఫైకీ బ్యాటరీ ఉండేలా చూసుకోండి. తాళం చెవి పక్కింటివాళ్లకిచ్చి, రెండు మూడు రోజులకోసారి తొంగి చూడమని చెప్పండి. ఖాళీ ఇంట్లో పైపు పగిలితే డబ్బిచ్చే ముందు, ఇల్లు ఎవరైనా చూసుకుంటున్నారా అనే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడుగుతారు. అందుకని ఆ పక్కింటివాళ్లు వచ్చిన తేదీలు ఒక కాగితం మీద రాసి పెట్టమనండి.